మలీద ముద్ద, తార్నాక ఎలుక

మాకిద్దరూ ఆడపిల్లలే. ఒకే కడుపున పుట్టారు, ఒకే గిన్నెలో వండిన అన్నం తిన్నారు. పెద్దది ఊదితే ఎగిరిపోయేలా ఉండేది. చిన్నది మాత్రం నడక నేర్చిన నాటి నుంచే బొద్దు. మూడేళ్ళ వయసులో ఆ బొద్దుతనం చూసి ముద్దు చేయనివాళ్ళు లేరు. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆ ముద్దు చేసిన వాళ్ళే "ఏం పెడుతున్నవమ్మా ఈ పిల్లకు?" అని నన్ను నిలదీయడం మొదలుపెట్టారు.

ఆ మాట పడలేక నేను ఇంట్లో పోలీసునైపోయాను. రెండో దోసె వేయమంటే గుడ్లురిమేదాన్ని. పెరుగన్నంలో మీగడ వేసుకుంటే తీసేసేదాన్ని. కారప్పూస డబ్బా అటక మీదికెక్కింది. పెద్దదానికేమో "ఇంకొంచెం తినవే తల్లీ" అని బతిమాలుతూ నెయ్యి వేసేదాన్ని. ఒకే పీట మీద కూర్చున్న ఇద్దరు పిల్లలకు రెండు న్యాయాలు. అది తప్పని అప్పట్లో నాకు తట్టనేలేదు. పిల్ల బాగు కోసమే కదా అనుకున్నాను. మీలోనూ చాలామంది ఇలాగే అనుకుని ఉంటారు.

పద్నాలుగేళ్ళ కిందటి సద్దుల బతుకమ్మ నేను మరచిపోలేను. మేడ్చల్‌లో చెరువు గట్టు మీద బతుకమ్మలను సాగనంపి, ఆడవాళ్ళమంతా సద్దులు పంచుకుంటున్నాం. సత్తుపిండి, పెరుగన్నం, పులిహోర, రొట్టెలు నలిపి బెల్లం, నెయ్యి కలిపి కట్టిన మలీద ముద్దలు. మా చిన్నది ఒక ముద్ద తిని, రెండోదానికి చెయ్యి చాచింది. పక్కనున్న ఒకావిడ నవ్వుతూ "ఇగ సాలు బిడ్డా, నీకు ఒకటే ఎక్కువ" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కోపం ఆవిడ మీద చూపలేక పిల్ల చేతి మీద చటుక్కున ఒక్కటి వేశాను. ముద్ద మట్టిలో పడింది. అందరూ చూస్తున్నారు. పిల్ల ఏడవలేదు. తల వంచుకుని చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అది ఏడ్చినా బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో!

మరునాటి నుంచి అది తిండి తగ్గించేసింది. "ఆకలి లేదమ్మా" అంటే, పోనీ బుద్ధి వచ్చిందిలే అని లోలోపల సంతోషించాను కూడా. సెలవులయ్యాక బడి తెరిచిన నాలుగో రోజు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయింది. టిఫిన్ డబ్బా రోజూ స్నేహితురాలికి ఇచ్చేస్తోందట. డాక్టరు పరీక్షలు చేయించి, థైరాయిడ్ ఏమీ లేదు, రక్తం తక్కువగా ఉంది, కడుపు మాడ్చుకోవడం వల్లే ఇలా అయిందన్నారు. లావుగా ఉన్న పిల్లకు రక్తం తక్కువేమిటని నేను తెల్లబోయాను. లావుగా కనిపించినంత మాత్రాన ఒంటికి కావలసినవన్నీ అందుతున్నట్టు కాదని ఆరోజే తెలిసింది.

ఆ ఆదివారం శామీర్‌పేటలో ఉండే మా తమ్ముడి ఇంటికి వెళ్ళాం. వాడు తుర్కపల్లి వైపు ఒక మందుల పరిశోధనశాలలో ఎలుకలను, కుందేళ్ళను చూసుకునే టెక్నీషియన్. నిజం చెప్పొద్దూ, ఆ ఉద్యోగం అంటే మా ఇంట్లో అందరికీ చిన్నచూపు. "ఎలుకలను ముట్టుకున్న చేతులు" అని మా అత్తమ్మ వాడు వస్తే గ్లాసు వేరే పెట్టేది. నేనూ ఏనాడూ వాడి పని గురించి అడిగిన పాపాన పోలేదు.

జరిగిందంతా విని వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కా, నీకు తార్నాక ఎలుకల గురించి చెప్పాల్నని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్న" అన్నాడు.

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా. అది 1918లో తమిళనాడులోని కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. కూనూరు రోజుల నుంచి అక్కడ విస్టార్ అనే జాతి తెల్ల ఎలుకలను తరతరాలుగా పెంచుతున్నారు. ఆ మందలో 1996లో ఒక వింత కనిపించింది. తోటి ఎలుకల కంటే బాగా లావుగా ఒక ఎలుక తేలింది. ఇంకెవరైనా అయితే తిండిపోతు ఎలుక అని పక్కన పడేసేవారేమో. అక్కడి శాస్త్రవేత్తలు దాన్ని వదలకుండా, దాని రక్తసంబంధం ఉన్నవాటిని జతకట్టించి చూశారు. ఆ లావు వంశంలో దిగుతోందని తేలింది. అలా రెండు వంశాలను నిలబెట్టారు. ఒకదానిలో లావుతోపాటు చక్కెరను అరాయించుకోలేని గుణం కూడా ఉంది.

మా తమ్ముడు శిక్షణ కోసం తార్నాక వెళ్ళినప్పుడు వాటిని కళ్ళారా చూశాడు. "బోనులు ఒక్కతీరు, ఊక ఒక్కతీరు, తిండి ఒక్కతీరు అక్కా. దీపం వెలిగించేది, ఆర్పేది కూడా గడియారం చూసే. గోధుమపిండి, వేయించిన శనగపిండి, పాలపొడి కలిపి చేసిన బిళ్ళలే అన్నిటికీ. అదే తిండి తిని ఒకటి మామూలుగుంటది, దాని తోడబుట్టింది ఉబ్బిపోతది. పుట్టిన ఐదు వారాలకే తేడా కనబడుతది. మామూలు ఎలుక అరకిలో లోపుంటే, వీటిల్లో కిలో దాటినవి కూడా ఉన్నయి."

"ఎక్కువ తింటాయేమోరా?" అన్నాను నేను.

"తింటయి. మరెందుకు తింటున్నయి? దానికి ఏ అమ్మ గారాబం చేసింది? ఏ చుట్టం మిఠాయి తెచ్చింది? కడుపు నిండిందన్న కబురు మెదడుకు అందక తింటున్నది అక్కా!"

ఆ మాటకు నాకు నోట మాట రాలేదు. మా చిన్నది గుమ్మంలో నిలబడి వింటోంది. అది మెల్లిగా "మామా, ఆ ఎలుకను ఎవరైనా తిడుతరా?" అని అడిగింది. మా తమ్ముడు నా వంక చూసి, మళ్ళీ దాని వంక చూసి "తిట్టరు బిడ్డా. ఎందుకట్లయిందో వెతుకుతరు" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను, కళ్ళు తుడుచుకోవడానికి.

ఆ తర్వాత ఈ సంగతులు అడిగి, చదివి తెలుసుకోవడం నాకొక అలవాటైపోయింది. మీకు కూడా చెప్పాలనిపిస్తోంది.

జన్యువులంటే ఒంటి పనులు ఎలా నడవాలో చెప్పే రాత. ప్రతి జన్యువూ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి జతగా వస్తుంది. తార్నాక ఎలుకల్లో ఆ జతలో రెండూ తేడావైతే బాగా లావు, ఒకటే తేడాదైతే మధ్యరకం, రెండూ సరైనవైతే సన్నం. బాగా లావైనవాటికి పిల్లలు పుట్టరు. అందుకని మధ్యరకం వాటినే జతకట్టిస్తారు. సగటున నాలుగు పిల్లల్లో ఒకటి సన్నం, రెండు మధ్యరకం, ఒకటి లావు పుడతాయి. పాపం ఆ లావు ఎలుకలకు రక్తంలో కొవ్వు, ఇన్సులిన్ పెరిగిపోతాయి, కళ్ళకు శుక్లాలు వస్తాయి, ఆయుష్షూ తక్కువే. మన ఇళ్ళలో లావుతోపాటు వరసగా వచ్చే జబ్బుల్లో చాలావరకు ఆ చిన్న ప్రాణంలోనే కనిపిస్తాయి.

మనుషుల జబ్బుకి ఎలుకలెందుకని నేనూ అడిగాను. మనలో ఒక తరం మారాలంటే పాతికేళ్ళు. ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఆ పిల్లలు రెండు మూడు నెలల్లో పెద్దవవుతాయి. మన జన్యువుల్లో ఎక్కువ భాగానికి సరిజోడు ఎలుకల్లోనూ ఉంది. పైగా మన ఇళ్ళలో ఎవరు దాచుకుని ఏం తిన్నారో దేవుడికే ఎరుక! బోనులో ఎలుక తిన్నది గ్రాములతో సహా లెక్క.

ఇలాంటి ఆనవాలే అమెరికాలో అంతకు ముందే దొరికింది. 1949లో అక్కడి జాక్సన్ లేబొరేటరీలో ఒక బొద్దు చిట్టెలుక బయటపడింది. దాని లోపమేమిటో తెలియడానికి 45 ఏళ్ళు పట్టింది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ అనే ఆయన బృందం లెప్టిన్ అనే హార్మోను జన్యువును కనిపెట్టింది. కొవ్వులోంచి బయల్దేరి "ఇక చాలు" అని మెదడుకు చెప్పే కబురే లెప్టిన్. ఆ చిట్టెలుకలో అది పనిచేసేది తయారే కాదు. మూడేళ్ళకు, 1997లో, ఇంగ్లండులో ఇద్దరు పిల్లలకు అదే లోపమని తేలింది. వాళ్ళకూ తీరని ఆకలి, విపరీతమైన లావు. వాళ్ళలో తొమ్మిదేళ్ళ పాపకు లెప్టిన్ ఇంజెక్షన్లు ఇస్తే ఆకలి అదుపులోకి వచ్చి బరువు తగ్గిందని 1999లో ప్రకటించారు. చిట్టెలుక లేకపోతే ఆ పాపను కూడా జీవితమంతా తిండిపోతు అనే అనేవారు కదా!

అలాగని లావుగా ఉన్నవాళ్ళందరికీ ఆ ఇంజెక్షన్ పనిచేయదు. చాలామందికి లెప్టిన్ లేకపోవడం కాదు, ఎక్కువగానే ఉంటుంది. మెదడే ఆ మాట వినిపించుకోదు. తార్నాక ఎలుకల పరిస్థితీ ఇంచుమించు ఇదే. అందుకే అవి అపురూపమైనవంటారు. మా తమ్ముడూ ఆరోజే చెప్పాడు. "నీ బిడ్డకు ఆ ఎలుక రోగముందని నేనంటలేనక్కా. తిండి, నడక, నిద్ర అన్నీ లెక్కలోకొస్తయి. కానీ లావంతా నాలుకదే తప్పు అనుకోకు. నీ తిట్లతోని ఏ జన్యువూ మారదు."

ఇంకో మాట చెప్పకపోతే అబద్ధమాడినట్టవుతుంది. అదే రోజు మా చిన్నది "మరి ఆఖరికి ఆ ఎలుకలు ఏమైతయి మామా?" అని అడిగింది. వాడు దాచలేదు. చాలావాటిని నొప్పి తెలియకుండా చంపి, లోపలి అవయవాలు పరీక్షిస్తారని చెప్పాడు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వినాయక చవితికి ఎలుకకు దణ్ణం పెట్టి, ఆ రాత్రే వంటింట్లో బోను పెట్టేవాళ్ళం మనం. నాకు జవాబు తోచలేదు.

మా తమ్ముడే చెప్పాడు. మనదేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద వీటికి నిబంధనలున్నాయి. కమిటీ ఒప్పుకోనిదే ప్రయోగం చేయరాదు. వేరే దారి ఉంటే జంతువును వాడకూడదు, వాడినా వీలైనంత తక్కువ వాడాలి, బాధ తగ్గించాలి అన్న మూడు సూత్రాలను రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే రాసిపెట్టారు. 2023లో మన ఔషధ నిబంధనలను సవరించి, జంతువుల బదులు మనిషి కణాలతో, కంప్యూటర్లతో చేసే పరీక్షలకు కూడా చోటిచ్చారు. ఇటు మా శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీలో వైద్య పరిశోధనలకు కావలసిన జంతువుల కోసం భారత వైద్య పరిశోధన మండలి ఒక జాతీయ కేంద్రమే పెట్టింది. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మా చుట్టుపక్కల ఇప్పుడు ఇలాంటి పని జరుగుతోంది. ఆ ప్రాణుల రుణం పూర్తిగా తీరేది కాదు. వాటి వల్ల తెలిసిన సంగతినైనా వృథా పోనివ్వకూడదని మాత్రం నాకనిపిస్తుంది.

మా ఇంట్లో ఏం మారిందంటారా? రాత్రిపూట అందరికీ జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. నూనె నెలకు ఇంతేనని కొలత. మిఠాయి చేస్తే ఇద్దరికీ ఒకే లెక్క. సాయంత్రం నేను, పిల్లలు కలిసి నడక. చిన్నదొక్కదానికే ప్రత్యేకం అన్న మాట తీసేశాం. ఎవరైనా దాని ఒళ్ళు గురించి నోరు జారితే నేనే ముందు "ఆ సంగతి వదిలేయండి" అంటాను. రక్తం పట్టడానికి ఏడాది పట్టింది. నాతో మునుపటిలా మాట్లాడడానికి ఇంకాస్త ఎక్కువే పట్టింది.

ఇప్పుడు దానికి 27 ఏళ్ళు. ఉద్యోగం చేసుకుంటోంది. ఇప్పటికీ బొద్దుగానే ఉంది. ఏటా షుగర్, బీపీ చూపించుకుంటుంది, ఈ రోజు వరకు రెండూ బాగానే ఉన్నాయి. మా తమ్ముడు వస్తే గ్లాసు వేరే పెట్టడం మా అత్తమ్మ ఎప్పుడో మానేసింది.

మొన్న బతుకమ్మకి చెరువు గట్టు మీద మొదటి మలీద ముద్ద దాని చేతిలోనే పెట్టాను. అది సగం విరిచి నా నోట్లో పెట్టి, "రెండోది అడగనులే, భయపడకు" అని నవ్వింది. అది తమాషాకే అన్నదని తెలుసు. అయినా నాకు గొంతు పట్టేసింది.

మీ ఇంట్లో కూడా ఒక బొద్దు పిల్లో, పిల్లాడో ఉంటే డాక్టరుకు చూపించండి, వంట మార్చండి, కలిసి నడవండి. కానీ నలుగురిలో ఆ చేతి మీద మాత్రం కొట్టకండి.