రోహిణి కార్తెలో మా ఇంటి అంచనాల పుస్తకం



విజయవాడలో రోహిణి కార్తె ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు బందరు రోడ్డు మీద కూడా అలికిడి ఉండదు. పిల్లలకు సెలవులే గానీ, బయటికి పంపడానికి మనకు ధైర్యం చాలదు. సరిగ్గా ఆ పదిహేను రోజుల్లోనే పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరుగుతుంది. అక్కడ ఉదయం పదకొండుకు ఆట మొదలైతే మనకు మధ్యాహ్నం రెండున్నర. భోజనాలై, తలా రెండు నూజివీడు రసాలు తిని, ఇంటిల్లిపాదీ ఉన్న ఒక్క ఏసీ గదిలోకి చేరే వేళ అది. ఇరవై ఏళ్లుగా మా ఇంట్లో వేసవి సెలవులంటే ఇదే.

ఈ పిచ్చి మా నాన్నగారితో మొదలైంది. ఆయన గుడివాడ వైపు ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేసే రోజుల్లో అక్కడి క్లబ్బుకు ఒక మట్టి కోర్టు ఉండేదట. మన డెల్టాది నల్లరేగడి నేల కదా, వాన పడితే జిగురు, ఎండ కాస్తే బీటలు. అందుకని బయటినుంచి ఎర్రమట్టి తోలించి పరిచారట. సాయంత్రం నీళ్లు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు వేసేసరికి సగం వెలుతురు పోయేదట. మిగిలిన సగంలో ఆట. నాన్నగారికి టెన్నిస్ నిజంగా వచ్చో రాదో నాకు తెలియదు. అమ్మ మాత్రం రాదనే అంటుంది.

2005 నుంచి మా ఇంట్లో ఒక అంచనాల పుస్తకం ఉంది. పాత లాంగ్ నోట్‌బుక్. టోర్నమెంటు మొదలయ్యే రోజు ప్రతివాళ్లూ తమ ఆటగాడి పేరు రాసి, గెలిచే అవకాశం వందకు ఎంతో పక్కన వేయాలి. అంచనా తప్పినవాళ్లు ఫైనల్ మర్నాడు పునుగులు తేవాలి. 2009 పేజీ ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. నాన్నగారు నాదల్‌కి వందకు వంద వేశారు. నేను 95. అప్పటికి నాదల్ ఫ్రెంచ్ ఓపెన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు మరి. మే 31న సోడెర్లింగ్ ఓడించాడు. 'పాపం, ఆ అబ్బాయికి ఇది ఒక్కటే రాలేదటగా' అని ఫెదరర్ పేరు రాసిన మా అమ్మ ఆ ఏడాది గెలిచింది. ఫెదరర్ ఆ కప్పు గెలిచింది అదొక్కసారే.

అయినా నాన్నగారు నాదల్‌ని వదల్లేదు. 2010 అక్టోబరులో నాదల్ అనంతపురం వచ్చి, అక్కడి పేద పిల్లల కోసం తన ఫౌండేషన్ పెట్టిన టెన్నిస్ స్కూల్‌ని ప్రారంభించాడు కదా. అప్పట్నుంచి ఆయన లెక్కలో నాదల్ మనవాడే. 2025లో టోర్నీ మొదటి రోజు, మే 25న, 14 సార్లు గెలిచిన నాదల్‌కి కోర్టు మీద సన్మానం చేసి, అతని పాదముద్రను అక్కడే పొదిగినప్పుడు నాన్నగారు కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఆ తర్వాత పుస్తకం తెరిచి, అదే స్పెయిన్ నుంచి వచ్చిన అల్కరాస్ పేరు రాశారు.

మా అమ్మాయి సినర్ పేరు రాసింది. తను అప్పటికి తొమ్మిది పూర్తయి పదిలోకి వెళుతోంది. ఈ తరం పిల్లలు దేన్నీ ఊరికే ఒప్పుకోరు, మీకూ అనుభవమే. 'అది మట్టి కోర్టు కాదు తాతయ్యా, ఇటుక పొడి' అంది. నిజమే, కింద సున్నపురాయి పొర ఉంటుంది, పైన ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన ఎర్రిటుకల పొడి చల్లుతారు. బంతి దాని మీద పడగానే వేగం తగ్గి ఎత్తుగా లేస్తుంది. సర్వీసుతోనే పాయింట్లు కొట్టేసేవాళ్లకు అక్కడ కష్టం. 14 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన సాంప్రాస్ ఫ్రెంచ్ ఓపెన్‌లో ఒక్కసారీ ఫైనల్‌కి కూడా రాలేదు. నాన్నగారు అంతా విని, 'మన బట్టీల దగ్గర ఎంత ఇటుక పొడి వృథా అవుతోందో' అన్నారు. అదీ ఆయన బాధ.

ఆ రెండు వారాలూ మా గదిలో ఇదే చర్చ. రోమ్ ఫైనల్లో అల్కరాస్ సినర్‌ని ఓడించాడు కాబట్టి 70 అని తాతయ్య. ఇక్కడ సినర్ ఒక్క సెట్టూ ఇవ్వలేదు కాబట్టి 65 అని మనవరాలు. జొకోవిచ్‌ని వయసు చూసి తీసిపారేయకూడదని నేను. ఆడవాళ్ల వైపు 361వ ర్యాంకు ఫ్రాన్స్ అమ్మాయి లోయిస్ బోయిసన్ ఏకంగా సెమీఫైనల్‌కి వచ్చేసింది. మూడో సీడ్ పెగులాని, ఆరో సీడ్ ఆంద్రీవాని ఓడించింది. మోకాలి గాయంతో అంతకు ముందు ఏడాది ఈ టోర్నీ ఆడనే లేదట. 'ఈ అమ్మాయికి మనం ఎంత వేశాం?' అని మా అమ్మాయి పేజీలు తిప్పింది. ఎవరం ఏమీ వేయలేదు. అసలు పేరే రాయలేదు.

మనవాళ్ల విషయంలోనూ ఇదే జరిగింది. ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2016లో క్వాలిఫయింగ్ గెలిచి యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాకి వచ్చినప్పుడు నాన్నగారు మొదటి రౌండుకు పది మాత్రమే వేశారు. ఆ కుర్రాడు వెస్లీ మీద అయిదు సెట్లు ఆడాడు. కాళ్లు పట్టేసినా వదలకుండా అయిదో సెట్టు 7-5 దాకా లాగి ఓడాడు. మన పక్క ఊరి పిల్లాడికి పది వేశానే అని నాన్నగారు వారం రోజులు గొణుక్కున్నారు. నేను నవ్వాను. నవ్వి ఉండాల్సింది కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

ఎందుకంటే నేను చేసిందీ అదే. జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. పదో తరగతిలో మంచి సెక్షన్ కోసం బడి తెరిచాక టెస్టు ఉంటుంది కదా, అమ్మాయికి వస్తుందా అని అడిగాడు. 'నలభై శాతం అనుకుంటున్నాను. లెక్కలు ఫరవాలేదు. ఫిజిక్స్‌లోనే పోతుంది' అన్నాను. మామూలుగానే అన్నాను. మనం ఎవరితోనైనా అలాగే అంటాం కదండీ? పెద్దగా చెబితే దిష్టి, తక్కువ చెబితే రేపు తల ఎత్తుకోవచ్చు. బాల్కనీలో బట్టలు తీస్తున్న అమ్మాయికి వినపడుతుందని తోచలేదు. తోచినా మాట మార్చేవాణ్ణో కాదో.

జూన్ 8 ఆదివారం. మృగశిర కార్తె వచ్చిందని మా ఆవిడ కొర్రమేను పులుసు పెట్టింది. సాయంత్రం ఆరున్నరకు ఫైనల్. సినర్, అల్కరాస్. మొదటి రెండు సెట్లూ సినర్‌వి, మూడోది అల్కరాస్‌ది. నాలుగో సెట్టులో సినర్ 5-3. అల్కరాస్ సర్వీసు, 0-40. సినర్‌కి కప్పు చేతికి రావడానికి మూడు అవకాశాలు, ఒక్కటి చాలు. నాన్నగారు నీరసంగా దిండుకు చేరగిలబడ్డారు. నేను లేచి, 'అయిపోయిందిలే, గేటు తాళం వేసి వస్తాను' అన్నాను.

'కూర్చో నాన్నా' అంది మా అమ్మాయి.

'నీవాడే గెలుస్తున్నాడుగా!'

'గెలవలేదు ఇంకా. నువ్వు ఎప్పుడూ ఇంతే. ముందే లెక్క తేల్చేసి లేచిపోతావు.'

ఆ గొంతు టెన్నిస్ గురించి కాదని నాకు అర్థమైంది. కూర్చున్నాను. తరవాత జరిగింది చాలామంది చూసే ఉంటారు. అల్కరాస్ ఆ మూడు పాయింట్లూ కాపాడుకున్నాడు, ఆ సెట్టు గెలిచాడు, అయిదో సెట్టు టైబ్రేక్‌లో 10-2తో కప్పు గెలిచాడు. 5 గంటల 29 నిమిషాలు, ఫ్రెంచ్ ఓపెన్‌లో అంత సుదీర్ఘమైన ఫైనల్ అంతకు ముందు లేదు. అప్పటికి మనకు అర్ధరాత్రి దాటింది. నాన్నగారు పిల్లాడిలా చప్పట్లు కొట్టారు. అమ్మాయి ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది.

ఫలితం రాద్దామని పుస్తకం తీశాను. ఆ ఏడాది పేజీలో అడుగున, బోయిసన్ పేరు కింద, అమ్మాయి చేతిరాతలో తన పేరు ఉంది. పక్కన 'సెక్షన్ టెస్టు. నాన్న: 40' అని ఉంది. అమ్మ, తాతయ్య, నానమ్మ గడులు ఖాళీగా ఉన్నాయి.

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. పొద్దున్నే టీ కలిపి తన గదికి వెళ్లాను. క్షమాపణ ఎలా మొదలుపెట్టాలో తెలియక మ్యాచ్ గురించి ఎత్తాను. తను ఫోన్ చూపించింది. మొత్తం మ్యాచ్‌లో సినర్ గెలిచిన పాయింట్లు 193, అల్కరాస్‌వి 192. ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చుకున్నవాడు ఓడిపోయాడు. ఒక్క మార్కుతో ర్యాంకులు మారడం చూసిన మనకు ఇది కొత్త కాదు గానీ, పద్నాలుగేళ్ల పిల్ల ముఖంలో చూసినప్పుడు వేరేగా ఉంటుంది.

'నీకు వంద వేయాల్సింది' అన్నాను.

'వంద వేయమనలేదు నాన్నా. నాకే తెలుసు నా ఫిజిక్స్ ఎలా ఉందో. నువ్వు సినర్ గురించి ఎంత మాట్లాడినా సినర్‌కి వినపడదు. నాకు వినపడుతుంది.'

ఏం చెప్పను? చాలాసేపు టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు అడగాల్సింది అడిగాను, నువ్వు ఎంత వేసుకుంటావు అని. '55' అంది. ఎందుకు అంటే వివరంగా చెప్పింది. కాంతి పాఠం వచ్చు, విద్యుత్తు రాదు, సెలవుల్లో ఆరు రోజులు వృథా చేసింది. మా బావమరిదికి నేను చెప్పిన దానికంటే ఎంతో నికరమైన లెక్క అది. ఆ వారమంతా రాత్రిళ్లు ఇద్దరం విద్యుత్తు పాఠం పట్టుకుని కూర్చున్నాం. నాకూ సగం మర్చిపోయిందని తేలింది. ఓమ్ నియమం దగ్గర తనే నాకు చెప్పింది.

పేరెంట్స్ మీటింగ్ అయ్యాక కారిడార్‌లో నిలబడి మనం ఒకరి పిల్లల గురించి ఒకరం అడుగుతుంటాం కదా, 'మీ వాడికి ఎంత రావచ్చండీ' అని. నేనూ అడిగాను, మీలో కొందరు నన్నూ అడిగారు. పిల్లలు రెండడుగుల అవతల బ్యాగు తగిలించుకుని నేలచూపులు చూస్తూ ఉంటారు. అప్పటినుంచి నాకు ఆ ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. బావమరిది మళ్లీ ఫోన్ చేసినప్పుడు, 'దాన్నే అడుగు' అని అమ్మాయికే ఇచ్చాను.

టెస్టు ఏమైందని మీరు అడుగుతారని తెలుసు. చెప్పనని మా అమ్మాయికి మాటిచ్చాను. ఈ వ్యాసం కూడా తను చదివి, రెండు చోట్ల కొట్టేశాకే పంపుతున్నాను.

పుస్తకం ఇప్పుడు తన దగ్గరే ఉంది. జూలైలో వింబుల్డన్ పేజీ తనే గీసింది. నాన్నగారు ఉత్సాహం మీద అల్కరాస్‌కి 80 వేశారు. ఫైనల్ మళ్లీ ఆ ఇద్దరికే వచ్చింది, ఈసారి నాలుగు సెట్లలో సినర్ గెలిచాడు. మర్నాడు పునుగులు నాన్నగారే తెచ్చారు. అల్లం చట్నీ మాత్రం మర్చిపోయారు.