కప్పు మూతమీది తేది

మా చిన్నతనమున ఆవు ఈనిన యింటినుండి జున్నుపాలు వీధిలోని నాలుగిండ్లకును పోయెడివి. ఆ పాలలో బెల్లము, మిరియాలపొడి, ఏలకులు చేర్చి ఆవిరిమీద ఉడికించినచో గ్రుడ్డుగాని పిండిగాని లేకయే గట్టిపడును. తొలి దినముల పాలలో మాంసకృత్తులు మిక్కిలిగా నుండుటయే దానికి కారణము. ఏ యావు ఈనినది, ఎవరు పిదికిరి, ఎప్పుడు వండిరి అనునది తినువారందఱకును దెలియును. ఆ జున్నుగిన్నెకు చీటి యక్కఱ లేకపోయెను. పొరుగింటి యిల్లాలి ముఖమే చీటి.

మేము కస్టర్డును చిన్న కప్పులలో బోసి, మూతలు బిగించి యమ్మసాగినపుడు ఈ భేదము మాకు దోచలేదు. ఇంటిలో వండు తీపికి సర్కారువారి యనుమతి యేల యని గొణిగినవారమే మేమును. 2006 నాటి ఆహార భద్రతా చట్టము 2011 లో పూర్తిగా అమలునకు వచ్చినది. ఇంటి వంటగదిలో వండి యమ్మువారును దానిక్రింద రిజిస్ట్రేషను పొందవలసినవారే. పొందితిమి. పదునాలుగంకెల సంఖ్యను మూతపై అచ్చు వేయించి, అంతటితో మా విధి తీఱినదని సంతోషించితిమి.

ఒక వైశాఖమాసమున పరిచితుల యింట బారసాలకు నలువది కప్పులు కావలసివచ్చెను. ముందునాటి రాత్రి పెద్ద గుండిగలో పాలు కాచి, కస్టర్డుపొడి కలిపి చిక్కబఱచి, చల్లాఱిన పిదప ఫ్రిజ్జులో పెట్టుదమని మూతవేసి గట్టుమీద నుంచితిమి. పగటి యలసటచే నిద్రపట్టినది. మేల్కొనుసరికి తెల్లవాఱుజాము. గుండిగ నడుమ వేలుపెట్టి చూడగా నింకను గోరువెచ్చగా నున్నది. వాసన బాగున్నది, రుచియు బాగున్నది. కప్పులలో బోసి, చల్లబఱచి పంపివేసితిమి.

ఆ సాయంకాలమే నలుగురు పిల్లలకు వాంతులు పట్టుకొనెను. మఱునాటికి కోలుకొనిరి. నింద వంకాయకూరపై బడెను. మేము రెండు దినములు నోరు మెదపలేదు. మా కప్పులో, ఆ కూరయో పరీక్షించినవారు లేరు. కాని ఆ రాత్రి గుండిగ యెక్కడ నున్నదో మాకు దెలియును గదా! మూడవనాడు వెళ్లి యున్నది యున్నట్లు చెప్పితిమి. ఆ యింటి యిల్లాలు కొంతసేపు మాటాడక, "మీరు చెప్పకపోతే వంటమేస్త్రికి రావలసిన డబ్బు ఎగ్గొట్టేవాళ్ళమండీ. నిన్ననే వచ్చి వాకిట్లో నుంచుని వెళ్ళిపోయాడు" అనెను. ఆమె మమ్ము తిట్టియున్న నింత సిగ్గుపడకుందుము. కప్పుల వెల తిరిగి యిచ్చివేసితిమి. మేస్త్రికి సొమ్ము ఆ పూటయే చేరినది.

పిమ్మట చదివి తెలిసికొన్నది ముందే తెలియవలసినది. పాలు, చక్కెర, పిండి మనకెంత ప్రియమో సూక్ష్మజీవులకు నంతే ప్రియము. 5 మొదలు 60 డిగ్రీల సెంటీగ్రేడువరకు గల వేడిమిలో అవి వేగముగా పెరుగును. బాసిల్లస్ సీరియస్ అను దాని బీజములు పిండిలో నుండి, మరిగించినను చావక, మెల్లగా చల్లాఱుచున్న పాత్రలో మొలకెత్తును. చేతినుండియు ముక్కునుండియు దిగు స్టాఫిలోకాకస్ విడుచు విషము మరల కాచినను విఱగదు. "మళ్ళీ ఒక పొంగు రానిస్తే సరి" యను మన యిండ్లలోని మాట యిక్కడ పనికిరాదు. లోతైన గుండిగ అంచున చల్లబడినను నడుమ గంటలకొలది వెచ్చగా నుండును. ఇప్పుడు వెడల్పు పళ్లెములలో పలుచగా బోసి, మంచునీటిలో నుంచి, 60 నుండి 21 డిగ్రీలకు రెండు గంటలలోను, అటుపై 5 డిగ్రీలకు నాలుగు గంటలలోను దింపుచున్నాము. థర్మామీటరు చూచి గంటయు డిగ్రీయు నోటుపుస్తకమున వ్రాయుచున్నాము.

గ్రుడ్డుమాటయు నొకటి కలదు. 1837 లో బర్మింగుహాము నగరమున ఆల్ఫ్రెడ్ బర్డు, గ్రుడ్డు సరిపడని తన భార్యకొఱకు కార్న్‌ఫ్లోరుతో కస్టర్డుపొడి చేసెను. నేడు మనము కొను పసుపుపొడి సాధారణముగా ఆ వంశమునదే, గ్రుడ్డు లేనిది. మేము గ్రుడ్లతో ఆవిరిపట్టిన కస్టర్డును గూడ నమ్ముదుము. రెండును పచ్చగా, మెత్తగా నుండును. కన్ను భేదము గనిపెట్టలేదు. కావుననే మొదటిదానికి ఆకుపచ్చ గుండ్రని గుర్తు, రెండవదానికి 2020 నియమములు చెప్పిన గోధుమరంగు త్రిభుజపు గుర్తు. పాలు, గ్రుడ్డు పడనివారికై ఆ పేర్లు వేఱుగ వ్రాయవలెను. మా పిన్నిగారు మూత చూచి, "ఆ గోధుమ గుర్తు కనీకనిపించకుండా వేయించరాదటే? కొనేవాళ్ళు బెదిరిపోతారు" అనిరి. "బెదరవలసినవాళ్ళు బెదరనీ పిన్నిగారూ, మీకే తెలియక పెడితే ఊరుకుంటారా?" యన్నాము. ఆమె గ్రుడ్డు ముట్టరు. మఱి మాటాడలేదు.

తేదివిషయమున తగవు వచ్చినది దుకాణదారునితో. ఫ్రిజ్జులో నుంచినను మేము మూడు దినములకు మించి వ్రాయము. అతడు వారము వ్రాయుమనెను. విచారింపగా విద్యుత్తు ఖర్చు తగ్గునని రాత్రులు ఫ్రిజ్జు నాపివేయుచున్నాడట! మిగిలిన కప్పులు వెనుకకు దెచ్చి పాఱబోసితిమి. ఆ బేరము పోయినది; అది నెలకు నూఱుకప్పుల బేరము, మాకు చిన్నది కాదు.

బారసాల యింటివారు అన్నప్రాశనకు మరల కప్పులడిగిరి. తీసికొని వెళ్లినపుడు ఆ యిల్లాలు ముందుగా నోటుపుస్తకము చూపుమనెను. చూపితిమి. వ్రేలితో వరుసలన్నియు చదివి, తరువాత కప్పులు లోనికి దీసికొనెను.