జుడ్వా

రైల్వేవాళ్లు ఇంజన్లకు పేర్లు పెడతారుగానీ ఆ పేర్లతో పిలిచేవాళ్లు కనపడరు. 1998లో చిత్తరంజన్ కర్మాగారం నుంచి మొదటి డబ్ల్యూఏజీ-9 గూడ్సు ఇంజను బయటికొచ్చినప్పుడు దానికి ‘నవయుగ్’ అని బారసాల చేశారు. యుగం సంగతేమోగానీ, ఆ పేరు పలికిన డ్రైవరు నాకైతే ఇంతవరకు తగల్లేదు. అందరికీ అది ‘జీ-నైన్’. ప్యాసింజరు బళ్లకు కట్టే డబ్ల్యూఏపీ-7 ‘పీ-సెవెన్’. లాలాగూడ షెడ్డులో రెండూ కనిపిస్తాయి, రెండింటికీ ఇవే పేర్లు.

అసలు పేర్లు పుట్టేది ఉప్పుగూడ ప్లాట్‌ఫాం లాంటి చోట. ఎంఎంటీఎస్ కోసం నిలబడ్డవాళ్ల మధ్య లాల్‌దర్వాజ, గౌలిపురా పిల్లలు కొందరుంటారు. వాళ్లు ఏ బండీ ఎక్కరు. ఫోన్లు పట్టుకుని గూడ్సుల కోసం కాస్తారు. సిగ్నల్ దగ్గర ఆగిన జీ-నైన్ కదిలేటప్పుడు ఒక చిత్రమైన కూత పెడుతుంది. సన్నగా మొదలై, మెట్టు మెట్టుగా స్వరం మారుతూ, వేగం అందుకోగానే మాయమవుతుంది. పాతరకం జీటీఓ కన్వర్టర్ ఉన్నవాటిదే ఆ పాట. కొత్త ఐజీబీటీ బళ్లలో అది లేదు. కళ్లు మూసుకుని వింటూ ఏది ఏదో చెప్పేస్తారు పిల్లలు. పరీక్ష పుస్తకాల మీద లేని శ్రద్ధ ఇక్కడ ఎట్లా వస్తుందో తల్లులకు అర్థం కాదు.

ఈ పిల్లలే కాజీపేటలో తీసిన ఒక వీడియో చూసి డబ్ల్యూఏజీ-12బీకి ‘జుడ్వా’ అని, అంటే కవలలని, పేరు పెట్టారు. పాతబస్తీలో అంతకన్నా తేలిగ్గా నోటికొచ్చే మాట ఇంకేముంది? వీపులు ఆనించి కట్టిన రెండు భాగాలు, ఎనిమిది ఇరుసులు, 12,000 హార్స్‌పవర్. బీహార్‌లోని మధేపురాలో ఆల్‌స్టామ్ వాళ్లతో కలిసి రైల్వే కట్టిన ఫ్యాక్టరీలో తయారై, 2020 మే 18న మొదటి గూడ్సు లాగింది. మొత్తం 800 ఇంజన్ల ఒప్పందం.

పేరు మీద పేచీ లేదు. పేచీ అంతా బలం మీదే. మా గల్లీలో గూడ్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. కాచిగూడ నుంచి మీటర్‌గేజ్ వైడీఎం-4 నడిపిన చేతులవి. దాని బలం 1,400 హార్స్‌పవర్ లోపే.

“రెండింజన్లు జోడించి ఒక్కటే అంటే ఎట్లరా?”

“నడుమ క్యాబ్ లేదు తాతా. ఒక సగం చెడిపోయినా ఇంకో సగం లాగుతది.”

“అయితే రెండు జీ-నైన్‌లు కట్టుకుంటే సరిపాయె గదా. అవీ పన్నెండు వేలే.”

పిల్లలు దీన్ని ముసలి చాదస్తం అనుకున్నారుగానీ, ఆయన లెక్కలో దమ్ముంది. బరువైన బండిని కదిలించడానికి హార్స్‌పవర్ ఒక్కటే చాలదు, చక్రం పట్టాను కరవాలి. కరవాలంటే ఇంజనుకు బరువుండాలి. బరువు పెంచిన జీ-నైన్ ఒక్కొక్కటి 132 టన్నులు, జంట కడితే 264. జుడ్వా మొత్తం కలిపి 180. ఎత్తు మీద ఆగిన బండిని మళ్లీ కదిలించాలంటే నేనైతే పాత జోడీ వైపే ఉంటాను. బండి ఒకసారి కదిలాక మాత్రం మాట వేరు. ఆ వేగంలో జుడ్వా అదే శక్తిని తక్కువ బరువుతో, తక్కువ ఇరుసులతో ఇస్తుంది. ఒక్క ఇంజనుగానే షెడ్డుకెళ్తుంది కాబట్టి జత కుదిర్చే తిప్పలూ ఉండవు. సరుకు త్వరగా చేరాలన్నవాళ్లకు కావలసింది అదే. ఈ మాట నేనంటే పెద్దాయన వినలేదు. వానాకాలంలో పట్టాల మీద ఇసుక వదులుతూ ఎత్తు ఎక్కించిన మనిషికి ‘వేగం’ అంటే కాస్త అనుమానమే.

ఇప్పుడు కొత్త తగువు మొదలైంది. 2025 మే 26న గుజరాత్‌లోని దాహోద్‌లో ప్రధాని డీ-9 ఇంజన్‌ని ప్రారంభించారు. సీమెన్స్ తయారీ, 9,000 హార్స్‌పవర్. దాన్ని చూసుకునే డిపోల్లో విశాఖపట్నం ఒకటి. అంటే మన వైపుకీ వస్తుందన్నమాట. పిల్లలు అప్పుడే పేరు వెతుకుతున్నారు, ఇంకా కుదరలేదు.

“ఇరుసులెన్ని?” అని అడిగారు పెద్దాయన.

“ఆరు.”

తొమ్మిది వేలను ఆరుతో భాగించి, జుడ్వాలో ఒక్కో ఇరుసుకు పడ్డ 1,500 మళ్లీ ఇక్కడా తేలేసరికి ఆయన కళ్లద్దాలు తీసేశారు. “ఇదీ దాని తమ్ముడే గదరా.”