పావగడలో ఎండ, గాలి, బరువు

విహారయాత్రకు బయలుదేరినవారు ఆలయాలను, జలపాతాలను దర్శించి రావడం పరిపాటి. మొన్నటి మాఘమాసంలో మా విద్యుత్ నిర్వహణ విభాగపు ఉద్యోగులము ఆరుగురము సకుటుంబంగా కాచిగూడలో రైలెక్కి హిందూపురంలో దిగినప్పుడు, మా జాబితాలో లేపాక్షి వీరభద్రాలయంతో పాటు ఆలయం కాని మరొక క్షేత్రం కూడా ఉన్నది. అది పావగడ సౌర విద్యుత్ క్షేత్రం. దానిని చూడవలసిన అగత్యం మాకు కలిగింది.

అంతకు ముందు వేసవిలో మా కాలనీ పాఠశాల ప్రక్క ఖాళీ స్థలంలో సౌర ఫలకాలు నెలకొల్పాము. నేలలో కేబుళ్లు, నీటి గొట్టాలు ఉన్నందున గుంతలు త్రవ్వే వీలు లేదు. ఇనుప చట్రాలను నేలపైనే నిలిపి, కాళ్లపై ఇసుక బస్తాలు పేర్చి తృప్తి చెందాము. మరుసటి సంవత్సరం వైశాఖంలో ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. వెనుక వరుస చట్రం అమాంతం లేచి, పిల్లలు నడిచే బాటపై బోర్లపడింది. బడి వదిలి అప్పటికి పది నిమిషాలే అయింది. పరీక్షించి చూడగా ఎండకు బస్తాలు చివికి, ఇసుక సగం జారిపోయి ఉన్నది. పని మాది, పొరపాటూ మాదే. ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

లేపాక్షిలో వేలాడే స్తంభం క్రింద పిల్లలు వస్త్రం దూర్చి అటునుండి ఇటు లాగి సంబరపడ్డారు. పదహారవ శతాబ్దపు ఆ మండపంలో పైకప్పు భారాన్ని ఇరుగుపొరుగు స్తంభాలు మోస్తున్నాయి. మా సహోద్యోగి కుమార్తె అడిగింది: "నేలను తాకని స్తంభం నిలిచింది గదా నాన్నగారూ, నేలమీద కూర్చున్న మన ఫలకాలు ఎందుకు లేచిపోయాయి?" ఆ క్షణాన ఎవరమూ పెదవి విప్పలేదు.

మడకశిర మీదుగా పావగడ చేరాము. పరిపాలన కర్ణాటకలోని తుమకూరు జిల్లాది. వీధిలో వినిపించేవి కన్నడమూ, తెలుగూ. శనీశ్వరాలయ దర్శనం చేసుకొని, కొండపై కోటను క్రిందినుండే చూచి, తిరుమణి దారి పట్టాము. కొంత దూరం పోయాక పొలాలకు బదులు నల్లని ఫలకాల వరుసలు కనుచూపు మేర పరచుకున్నాయి. ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలు. సామర్థ్యం 2,050 మెగావాట్లు. 2019 నాటికి పూర్తి అయింది. కరవు పీడిత సీమలో రైతులు భూమిని విక్రయించక కౌలుకిచ్చారు. తొలుత ఎకరాకు ఏటా 21,000 రూపాయలు.

కంచె వెలుపల నిలిచి చట్రాల కాళ్లను పరిశీలించాము. అక్కడి కాళ్లు నేలలోని కాంక్రీటులో పాతుకొని ఉన్నాయి. భూమిలో దిగిన కాలు, చుట్టూ ఉన్న మట్టి పట్టును కూడా తనకు తోడు చేసుకుంటుంది. త్రవ్వకూడని చోట ఆ తోడు ఉండదు. కావలసిన బరువంతా మనమే పెట్టాలి.

దారిప్రక్క రేకుల ఇంటి అరుగుపై కూర్చున్న ఒక పెద్దాయన మజ్జిగ ఇప్పించారు. ఇంటి కప్పుపై బండలు పేర్చి ఉన్నాయి. మా కథ విని నవ్వారు. "బండ నడిమధ్యన పెడితే ఏం లాభం సామీ? గాలి యాడ దూరి ఎత్తుతాదో ఆ అంచున పెట్టల్ల. పెట్టి కట్టల్ల."

ఆ రాత్రి బసలో కాగితం, కలం తీసుకున్నాము. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుపై పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. హైదరాబాదుకు భారతీయ ప్రమాణం నిర్దేశించిన మూల వేగం 44 మీటర్లు. అనగా చదరపు మీటరుకు సుమారు 118 కిలోల బరువుకు సమానమైన బలం. మా చట్రానికి నాలుగు ఫలకాలు, వైశాల్యం ఎనిమిది చదరపు మీటర్లు. వాలు, అంచు వంటి గుణకాలు కలుపక ముందే 940 కిలోలు దాటింది. ఫలకాల సొంత బరువు 88 కిలోలు! మేము పెట్టిన ఇసుక, అది నిండుగా ఉన్న రోజున కూడా, 160 కిలోలే. చివికిన బస్తాలపై నెపం మోపి ఇన్నాళ్లు మమ్ము మేము ఓదార్చుకున్నామని అప్పుడు తెలిసింది.

పెద్దాయన మాటలోని శాస్త్రమూ బోధపడింది. దక్షిణానికి వాలిన ఫలకం క్రిందికి ఉత్తరపు గాలి దూరితే, చట్రం ముందు కాళ్లపై తిరగబడుతుంది. కనుక ముందు కాళ్లకు దూరంగా, వెనుక కాళ్లపై ఉంచిన బరువే ఎక్కువ పని చేస్తుంది.

తిరిగి వచ్చి, నిర్మాణ ఇంజనీరు చేత లెక్క సరిచూపించి, ఇసుకకు బదులు కాంక్రీటు దిమ్మెలు పోయించాము. ఘనమీటరు కాంక్రీటు 2,400 కిలోలు తూగుతుంది. ఎండకు చివకదు, కారిపోదు. అధిక భాగం వెనుక కాళ్లకు బోల్టులతో బిగించి, చట్రాలన్నిటినీ ఒకదానితో ఒకటి జోడించాము. పిల్లల బాటను మాత్రం ఆవలి ప్రక్కకు మార్చాము. లెక్కపై నమ్మకం లేక కాదు, ఆ సాయంత్రాన్ని మరువలేక.

ఈ చైత్రంలో మళ్లీ గాలి వీచింది. మేమందరము వరండాలో నిలిచి చూశాము. వేపచెట్టు కొమ్మ ఒకటి విరిగింది, ఫలకాలు కదలలేదు. ఆ చిన్నారి వచ్చి, "ఇప్పుడు చెప్పండి నాన్నగారూ" అన్నది. ఈసారి మా సహోద్యోగి వద్ద సమాధానమున్నది.