చిరునామా లేని ఉత్తరము

ఉత్తరము వచ్చినదనగనే మనసునకు సంతోషము కలుగుట సహజము. ఖాకీ దుస్తుల పోస్టుమాను వీధి మలుపున కనబడగనే అందరును అతని సంచివంక ఆశతో చూచెడి దినములు నేనెరుగుదును. కాని ఆ సంచిలో మేలు కోరు ఉత్తరములతోపాటు కీడు చేయు ఉత్తరములును వచ్చుచుండును. నే నెరిగిన రెండు సంగతులు చెప్పెదను, వినుడు.

నేను ఎనిమిదవ తరగతి చదువుచుండగా జహీరాబాదులోని మా యింటికి ఒక కార్డు వచ్చినది. అది ఏడుకొండలవాని పేర వ్రాయబడినది. దానికి నకళ్లు వ్రాసి 21 మందికి పంపినచో ధనలాభము కలుగుననియు, పంపనిచో ఇంట అరిష్టము తప్పదనియు అందు కలదు. మా అమ్మకు చదువు రాదు. నేను చదివి వినిపింపగా ఆమె ముఖము వెలవెలబోయినది. అప్పటికే మా నాయన జ్వరముతో మంచము పట్టియుండెను. "కొడుకా, రేపే రాసి పంపు" అని ఉప్పు పప్పులకు దాచిన డబ్బు నా చేతిలో పెట్టినది.

కార్డులు కొని బడికి పోగా మా తెలుగు పంతులుగారు చూచి సంగతి అడిగిరి. వారు నవ్వలేదు, నల్లబల్లపై లెక్క వేయుమనిరి. ఒకడు 21 మందికి, వారిలో ప్రతివాడును మరి 21 మందికి వ్రాసినచో, రెండవ మారునకు 441 కార్డులు. ఐదవ మారునకు 40 లక్షలకు మించును. ఏడవ మారునకు 180 కోట్లు దాటును! భారతదేశ జనసంఖ్య నేటికిని అంత లేదు. "వ్రాసినవాని పేరేది? ఊరేది?" అని వారడిగిరి. కార్డును అటునిటు త్రిప్పితిని. ఎచ్చటను లేదు. "మేలు కోరువాడు తన పేరు దాచుకొనడు, నాయనా" అనిరి.

ఆ కార్డులలో ఒకదానిపై మా మేనమామకు నాయన జబ్బు సంగతి వ్రాసితిని. ఆయన వెంటనే వచ్చి వైద్యునికడకు తీసికొనిపోయెను. నాయన లేచి తిరుగువరకు అమ్మ మాత్రము భయము విడువలేదు.

సుమారు నలుబది ఏండ్లకు, నేను ప్రధానోపాధ్యాయుడనైన పిదప, ఒక చెరకు రైతు కవరు తెచ్చెను. గీకెడి చీటీలో కారు బహుమానము వచ్చినదనియు, పన్నుక్రింద 15,000 రూపాయలు మూడు దినములలో బ్యాంకు ఖాతాలో వేయవలెననియు అందు అచ్చువేయబడియుండెను.

"బిడ్డ చదువుకు పెట్టిన చెరకు పైసలున్నయి సారూ, కట్టమంటరా?" అనెను.

"మీరు ఏ పోటీలోనైన చేరితిరా?"

"లేదు సారూ."

"చేరని పోటీలో గెలుచుటెట్లు? పన్ను ప్రభుత్వమునకు చెల్లునది. పేరు తెలియనివాని ఖాతాలో వేయుదురా?"

అతడు చాలసేపు మాటాడలేదు. "ఊర్ల అందరికి చెప్పుకున్న, సిగ్గయితున్నది" అనెను. సిగ్గుపడవలసినవాడు ఉత్తరము వ్రాసినవాడేయని చెప్పితిని. ఆ డబ్బుతోనే ఆ యమ్మాయి కళాశాలలో చేరినది.

ఈ మోసము క్రొత్తది కాదు. స్పెయినులో ధనవంతుడొకడు చెరలో నున్నాడు, విడిపించుటకు సొమ్ము పంపిన భాగమిత్తుమని పందొమ్మిదవ శతాబ్దముననే ఉత్తరములు దేశదేశములకు పోయెను. ఇట్టి ఉత్తరములకు భయము, ఆశ, తొందర అనునవి మూడు గుర్తులు. వీనిలో ఏది కనబడినను సమాధానము వ్రాయకుడు, సొమ్ము పంపకుడు, బ్యాంకు వివరములు తెలుపకుడు. పెద్దలకు చూపుడు. తపాలా ముద్రతో కవరును భద్రపరచి పోలీసువారికిండు. గొలుసుగా మనుష్యులను చేర్చి సొమ్ము త్రిప్పెడి పథకములను 1978 నాటి చట్టము నిషేధించినది. నేడు ఇవే మాటలు ఫోనులోను వచ్చుచున్నవి. అట్లు సొమ్ము పోయినచో ఆలసింపక 1930 సంఖ్యకు తెలుపవలెను.

ఉత్తరము చేతికందగనే మొదట వ్రాసినవాని పేరును, ఊరును వెదకుడు. మా పంతులుగారు నాకు నేర్పిన పాఠ మిదియే.