కోస్టల్ బ్యాటరీ నుంచి గోస్తనీ దాకా

సెలవులకి విశాఖపట్నం వచ్చే చుట్టాల ఫోన్లో ఒక జాబితా ఉంటుంది. కైలాసగిరి, సబ్‌మెరైన్, రుషికొండ, సింహాచలం, మధ్యలో ఒకరోజు అరకు. హైదరాబాద్ నుంచి వచ్చినా, రాయపూర్ నుంచి వచ్చినా అదే జాబితా, అదే వరస. మూడు రోజులు కార్లోనూ టికెట్ల క్యూలోనూ గడిపేసి, రైలెక్కేముందు "సముద్రం తీరిగ్గా చూడనే లేదండీ" అంటారు. ఊళ్ళో ఉన్నన్నాళ్లూ సముద్రం వాళ్లకి అరమైలు దూరంలోనే ఉంది. నన్నడిగితే ఆ జాబితాలో సగం కొట్టేసి, మిగిలిన చోట్లని కలుపుతూ పోయే బీచ్ రోడ్డు ఒక్కటి రాసుకోమంటాను. పోర్టు పక్క కోస్టల్ బ్యాటరీ దగ్గర మొదలై భీమిలి దాకా పోతుంది, 30 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ.

రోడ్డు మొదట్లోనే జాబితాకి ఎక్కని ఊరొకటి ఉంది, వన్ టౌన్. 1933లో ఓడరేవు తెరిచాక కొత్త ఊరు ఉత్తరానికి పెరుగుతూ పోయింది గానీ అసలు పట్నం ఇదే. పోర్టు ముఖద్వారం పక్కన మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. దేని మెట్లెక్కినా ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద సన్నటి కాలవలాంటి దారిలో లోపలికొచ్చే ఓడలు. ఎత్తు మీంచి ఊరు చూడాలనేగా కైలాసగిరి ఎక్కేది? ఆ పని ఇక్కడ టికెట్టు లేకుండా అయిపోతుంది. పైగా ఇక్కడి నుంచి కనిపించేది పని చేసే రేవు. అటు ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందే చేపల వేలంపాట మొదలవుతుంది. నీచు వాసన పడనివాళ్లు వెళ్లొద్దు. పడేవాళ్లకి ఊళ్ళో అంతకు మించిన ఆట లేదు.

అక్కణ్ణుంచి ఆర్కే బీచ్. రామకృష్ణ మిషన్ ఆశ్రమం ఎదురుగా ఉంది కాబట్టి ఆ పేరు. సాయంత్రం ఆరింటికి ఇది తిరునాళ్లే. గుర్రాలు, బెలూన్లు, మొక్కజొన్న పొత్తులు, మురీ మిక్చర్ బళ్లు, ఎటు తిరిగినా ఎవరిదో ఒక సెల్ఫీలో మన మొహం. మురీ మిక్చర్ వరకూ నాకు అభ్యంతరం లేదు. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం పిండి, కాగితం పొట్లంలో అప్పటికప్పుడు కలిపిచ్చేది మెత్తబడకముందే తినేయాలి. కానీ ఈ బీచ్ చూడాలంటే మాత్రం తెల్లవారుజామునే రావాలి. నడిచేవాళ్ల కోసం ఆ వేళ కాసేపు ఈ రోడ్డు మీద బళ్లు ఆపేస్తారు. ఊళ్ళో ముసలివాళ్లందరూ అప్పుడిక్కడే ఉంటారు, రాజకీయాలు మాట్లాడుకుంటూ.

కాళ్ల కింద ఉన్న ఇసుకకీ ఒక కథ ఉంది. ఈ తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు కట్టినప్పుడు అలల ధాటి ఆపడానికి రెండు పాత ఓడల్ని ముంచి మరీ అడ్డుకట్ట వేశారు. ఆ అడ్డుకట్టకి దక్షిణాన ఇసుక ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది. అందుకే అక్కడ ఆగిన ఇసుకని డ్రెడ్జర్‌తో తవ్వి, గొట్టాల్లో తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక ఆ ఏడాది కోత మరీ ఎక్కువైంది. జనం కూర్చుని పొట్లాలు విప్పే ఇసుకలో కొంత ఇలా పైపుల్లో వచ్చిందే. ఇంకో సంగతి, ఇక్కడ ఈతకి దిగకండి. ఒడ్డు దగ్గరే లోతు, అల వెనక్కి పోయేటప్పుడు కాళ్లకింద ఇసుకతో సహా లాగేస్తుంది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు, ఎక్కువమంది బయటూరి కుర్రాళ్లు.

సబ్‌మెరైన్ని మాత్రం జాబితాలోంచి కొట్టేయను. ఐఎన్ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధుల్లోంచి తప్పుకుని, మరుసటి ఏడాది ఇక్కడ ఒడ్డున మ్యూజియం అయింది. 91 మీటర్ల పొడవున్నా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒరగాల్సిందే. గొట్టాల మధ్య ఇరికించిన పడకలు, ఆ వంటగది, ఆ మరుగుదొడ్డి చూస్తే నెలల తరబడి అందులో బతకడమంటే ఏమిటో వొంటికి తెలుస్తుంది. నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లే చూపిస్తారు, వాళ్లని కదిపితే చాలా చెబుతారు. ఆదివారం వెళితే వెనకనుంచి తోసుకొచ్చే జనంలో ఇటు ఎక్కి అటు దిగడమే. సోమవారం సెలవు. మంగళ, బుధవారాల్లో వెళ్లండి. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం పిల్లలుంటే సరే, లేకపోతే వదిలేయొచ్చు. వుడా పార్కు గురించి చెప్పడానికేమీ లేదు, ప్రతి ఊళ్ళోనూ అలాంటి పార్కు ఒకటుంటుంది.

పార్కు దాటగానే పెద జాలరిపేట. టూరిస్టు కార్లు ఇక్కడే వేగం పెంచుతాయి. పొద్దున ఏడింటి లోపు వస్తే పెద్దవల లాగడం కనబడుతుంది. అంతకుముందే తెప్ప మీద వెళ్లి, వలని సముద్రంలో అర్ధచంద్రంలా విడిచి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెచ్చి ఉంటారు. ఒక్కో తాడుకి పదిహేనూ ఇరవైమంది. అందరూ ఒక్కసారి వెనక్కి వాలి లాగుతారు, చిట్టచివరి మనిషి తాడు వదిలేసి పరుగున నీళ్లలోకి వెళ్లి ముందు వరసలో పట్టుకుంటాడు. అలా గంటా గంటన్నర. రెండు జట్లూ మెల్లగా దగ్గరకి జరుగుతూ, వల సంచి ఒడ్డు తగిలే సమయానికి కేకలు మొదలవుతాయి. ఒకరోజు కవ్వళ్లు, నెత్తళ్లు తళతళమంటూ బుట్టలు నిండుతాయి. ఇంకోరోజు జెల్లీ చేపలు, ప్లాస్టిక్ సంచులు, నాలుగు పీతలు. ఏది వచ్చినా పంచుకోవడంలో ఎవరి వాటా వాళ్లకి ఉంటుంది, వలగలవాడి వాటా ముందు తీస్తారు. ఫోను పట్టుకుని నిలబడ్డ నన్ను బుట్ట ముందు కూర్చున్న ఒకావిడ అడిగింది: "ఏటి బాబూ, ఫొటోలేనా, సేపలేటైనా కొనీదుందా?" కొన్నాను. కాసేపు వలతాడు లాగనిచ్చేవాళ్లూ ఉన్నారు, అరచేతులు మాత్రం కందిపోతాయి.

లాసన్స్ బే దాటాక తెన్నేటి పార్కు. 2020 అక్టోబరు వాయుగుండంలో లంగరు తెగి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' దీని కిందే రాళ్ల మీదికి ఎక్కింది. దాన్ని హోటలు చేస్తామని కొన్నాళ్లు చెప్పారు. పార్కు కంటే పార్కు ముందు మలుపు గొప్పది. ఎడమపక్క కైలాసగిరి కొండ నిటారుగా, కుడిపక్క రాళ్ల మీద విరిగే సముద్రం, మధ్యలో రోడ్డు జోడుగుళ్లపాలెం దాకా వంకర్లు తిరుగుతుంది. మొత్తం దారిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రెండు కిలోమీటర్లివి, నడిచిపోవాలి. కైలాసగిరి మీద శివపార్వతుల విగ్రహాలు, రోప్‌వే, బొమ్మ రైలు, ఇప్పుడు గాజు వంతెన. చెడ్డవని కాదు, ఇవన్నీ ఏ ఊరి కొండ మీదైనా కట్టొచ్చు. ఈ మలుపుని ఇంకెక్కడా కట్టలేరు.

జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ ఇసుకలో చలికాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టి వెళతాయి. అటవీశాఖవాళ్లు కుక్కలకీ నక్కలకీ దొరక్కుండా ఆ గుడ్లని ఏరి, కంచె వేసిన పొదుగు కేంద్రాల్లో పూడ్చిపెడతారు. వేసవి ముఖాన పిల్లలు బయటకొస్తే పొద్దున్నే సముద్రంలోకి వదులుతారు. అరచేతిలో సగం కూడా ఉండని పిల్ల తాబేలు తడి ఇసుక మీద గీత గీసుకుంటూ పోవడం చూడ్డానికి టికెట్టు లేదు, పేరున్న వ్యూపాయింటూ లేదు.

రుషికొండ సంగతి. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని ఆ జెండా కొన్నాళ్లు దించి మళ్లీ ఎగరేశారు. ఒంపు తిరిగిన ఒడ్డు నిజంగానే అందమైనది. ఆ అందం చూద్దామని వచ్చేవాళ్లందరూ ఆదివారం మధ్యాహ్నమే వస్తే ఏ ఒడ్డు తట్టుకుంటుంది? పక్కన కొండ చెక్కి కట్టిన భవనాల కోసం ఆగే కార్లు వేరే. వారం మధ్యలో పొద్దున వెళ్లగలిగితే వెళ్లండి, లేకపోతే బస్సు దిగకుండా ముందుకు పదండి.

ముందుకు పోతే ఎడమపక్క తొట్లకొండ దారి. 1970లలో నౌకాదళం వాళ్లు కొండని పరిశీలిస్తుంటే బౌద్ధ శిథిలాలు బయటపడ్డాయి, 1988లో తవ్వకాలు మొదలయ్యాయి. భిక్షువులు వానాకాలం నీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ నిండుతుంటాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయంటే కింద రేవులో ఎవరెవరు దిగారో ఊహించుకోవచ్చు. విహారాల గదులు మోకాలెత్తు గోడలుగా మిగిలాయి. ఎండ పొద్దున ఎనిమిదికే చురుక్కుమంటుంది, నీళ్ల సీసా మరవొద్దు. కొండ దిగితే మంగమారిపేట. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గితే ఒడ్డున అలలు తొలిచిన రాతి తోరణం కిందకి నడిచి వెళ్లొచ్చు. పోటులో వెళితే రాయి కొస తప్ప ఏమీ కనిపించదు. ఆటుపోట్ల వేళలు ఏ టూరు కారు డ్రైవరూ చూడడు, జాలర్లని అడగాలి.

ఎర్రమట్టి దిబ్బలకి కనీసం రెండు గంటలు ఇవ్వాలి. కార్లన్నీ అంచున ఆగుతాయి, పెళ్లి ఫొటోలవాళ్లు అక్కడే ఉంటారు. కిందకి దిగి వాగుల్లో పది నిమిషాలు నడిస్తే మనుషుల మాట వినబడదు. రెండు పక్కలా ఇటుక రంగు గోడలు, వాటిని వాన నిలువునా కోసిన చారలు, పైన జీడిమామిడి చెట్ల వేళ్లు గాల్లో వేలాడుతూ. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపితే అది మట్టి కాదు, ఇసుక. ఒక్కో రేణువుకీ ఇనుము తుప్పు పూత, అదే ఆ ఎరుపు. మంచుయుగంలో సముద్రం వెనక్కి పోయినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఇక్కడికి తెచ్చి పోగేసింది. వేల ఏళ్లలో అందులోని ఖనిజాలు శిథిలమై ఎరుపెక్కాయి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ (జీఎస్ఐ) దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. గోడలెక్కి ఫొటోలు దిగకండి, ఒక్క అడుగుకే జలజలా రాలిపోతాయి.

భీమిలిలో ప్యాకేజీ కార్లు బీచ్‌లో బొమ్మల దగ్గర పది నిమిషాలు ఆగి వెనక్కి తిరుగుతాయి. అసలు ఊరు ఆ వెనక ఉంది. 17వ శతాబ్దంలోనే డచ్చివాళ్లు వచ్చి వర్తకం పెట్టుకున్న రేవిది, 1861లోనే మున్సిపాలిటీ అయింది. డచ్చివాళ్ల సమాధుల మీద చెక్కిన అక్షరాలు గాలికి అరుగుతున్నాయి. గడియార స్తంభం, లైట్‌హౌస్, పెంకుటిళ్ల వీధులు నడిచేస్తే గంట పట్టదు. ఊరి చివర గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల కిందుగా పారి, తాటిపూడి జలాశయం దాటి వచ్చిన నది ఇది. అరకు మంచి ఊరు, రెండు రాత్రులుంటే దాని విలువ తెలుస్తుంది. బీచ్ సెలవుల్లో ఇరికించి, పొద్దున 115 కిలోమీటర్లు ఎక్కి రాత్రికి దిగితే మిగిలేది మెడనొప్పే. బొర్రాలో చూడబోయే నీళ్లు ఎలాగూ మన దగ్గరికే వస్తున్నాయి. అవి వచ్చే చోట పడవలు ఒడ్డెక్కుతాయి, వంజరం ధర అడగొచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం, అప్పుడు పెద్ద చేప దొరక్కపోతే బేరం మాని నెత్తళ్లతో సరిపెట్టుకోవాలి.

ఇంత దారికీ కారు అక్కర్లేదు. భీమిలి సిటీ బస్సుల్లో రుషికొండ మీదుగా పోయేది ఎక్కాలి, హైవే మీదుగా పోయేది కాదు. కండక్టరుని అడిగి ఎక్కండి. వెళ్లేటప్పుడు డ్రైవరు వైపు కిటికీ, వచ్చేటప్పుడు తలుపు వైపు కిటికీ.