మందిర్ హసౌద్‌లో చీలా, చట్నీ

విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా 1931లో పూర్తయిన రైలుమార్గం రాయపూర్ చేరబోయే ముందు మందిర్ హసౌద్‌ను తాకుతుంది. సంస్థ పనిపై ఆ దారిన వెళ్లిన మాకు అక్కడి ఫలహారాలు పరాయివిగా తోచలేదు. బియ్యప్పిండిని జారుగా కలిపి పెనంపై పోసే చీలా మన అట్టుకు తోబుట్టువు. ఆవిరిపై ఉడికే ఫరా మన ఉండ్రాళ్లకు దగ్గరి చుట్టం. రాత్రి అన్నాన్ని నీట నానవేసిన బాసీ సాక్షాత్తు మన చద్దన్నమే! 2022 మే 1న, కార్మిక దినోత్సవం నాడు, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ శ్రామికాహారానికి పెద్దపీట వేసింది.

ఒకే పేరుతో ఊరూరా వెలసే రెస్టారెంట్లను మేము తీసిపారవేయము. కొలత, వేడి, వేళ ముందే నిర్ణయమై ఉండడం ఇంజనీరుకు నచ్చే సంగతి. కుటుంబంతో ప్రయాణించే వారికి శుభ్రమైన మరుగుదొడ్డి చిన్న సౌకర్యమేమీ కాదు. అయితే 1996లో ఢిల్లీలో అడుగుపెట్టిన మెక్‌డొనాల్డ్స్ వంటి సంస్థకు అన్నిచోట్లా ఒకే రుచి కావాలి. స్థానిక వడ్లతో దానికి పనిలేదు. టమాటా చట్నీతో రెండు చీలాలు తిని బండి ఎక్కే లారీ డ్రైవరు, పనికి పోయే కాంట్రాక్టు కూలీ ఆ అద్దాల తలుపు తోసుకుని లోపలికి పోరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మొదట తొలగించేది వారికి అన్నం పెట్టే పాకనే. ఆ నష్టం ఏ ఎస్టిమేటులోనూ కనిపించదు.

రాయపూర్‌లో 2016లో ప్రారంభమైన గఢ్ కలేవా ఈ వంటలకే ప్రత్యేకించిన ఫలహారశాల. అక్కడ వండింది మహిళా స్వయం సహాయక బృందం. ఇటువంటిది హసౌద్ రహదారిపై ఒకటి ఉంటే, మంచినీటి కొళాయితో సహా, ఎంత ఖర్చవుతుంది?